ఒత్తుకు చోటు

తెరకు అడ్డం మూడువందల ఇరవై గళ్ళు,
నిలువు రెండువందల నలభై.
చెప్పగానే చౌడప్ప నవ్వినాడు.
"ఇంతేనా అప్పా?
మా కొంగు మీద ఒక్క నెమలికే
అంతకన్నా ఎక్కువ కొక్కేలు లేస్తాయి."

అనంతపురం టవర్ క్లాక్ వెనక సందులో
నాది సెల్లు రిపేరు అంగడి.
షట్టరు సగం దించినాక
అరచేయంత బోర్డులో పాత వీడియో గేములన్నీ కూరి
డబ్బా టీవీకి తగిలించుకుంటాను.
ఆటలున్నాయి, వాటికి మొహం లేదు.
నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు పేర్లు,
కరెంటు బిల్లు మాదిరి.
అందుకే ధర్మవరం ప్యాసింజరు దిగే ఈ మనిషిని అడిగినాను,
చీరలకు గ్రాఫు గీసేవాణ్ణి.

ఆదివారం ఆదివారం వచ్చేవాడు,
చంకలో గళ్ళ కాయితాల చుట్ట,
చెవి మీద కొరికిన పెన్సిలు.
నేను రాత్రి నీలం అన్నాను.
ఆయన వంకాయ పడుగు, చిలకాకుపచ్చ పేక అన్నాడు.
పదహారు రంగులే పడతాయి చౌడప్పా అంటే
"రెండు చాల్లే" అని
గొర్రుతో శనక్కాయ విత్తనం వేసినట్టు
గడి విడిచి గడి నింపుకుంటూ పోయినాడు.
మూడడుగులు వెనక్కి జరిగి చూస్తే
పెట్టెలో లేని మూడో రంగు,
వస్తానని చెప్పి రాని
మా ఊరి వానమబ్బు రంగు.

అంచు ఆయనది, బాణం గుర్తు నాది.
ఏది ఎక్కడ కూర్చోవాలో ఫైలులో రాసే అంకెలు నావి,
ఆ అంకెల్ని ఒక్క గడి అటు జరపమని
రాత్రి పదకొండుకు మోగే ఫోను ఆయనది.

పోట్లాట అక్షరాల దగ్గర వచ్చింది.
పేర్లు తెలుగులోనే ఉండల్లని తస్లీమ్ పట్టు.
పక్క టీ కొట్టు పిల్ల, తొమ్మిదో తరగతి,
మా పనికంతా ఆమే పరీక్షాధికారి.
వరుస ఎత్తు పదహారు గళ్ళు.
"రాక్షసుడి కోట" అని కొట్టినాను.
కింద ఒత్తు తెగిపోయింది.
"రాకసుడి కోట" అని చదివి
ఆ పిల్ల స్టూలు మీద నుంచి పడేంత నవ్వింది.

ఒత్తులు తీసేద్దాం, ఎవరు చూస్తారు అన్నాను.
చౌడప్ప పెన్సిలు కింద పెట్టినాడు.
"పేక ఒకటి తప్పితే కట్టుకునే ఆమెకు తెలీదు.
మడత పెట్టేటప్పుడు చేతికి తెలుస్తాది."
కాయితాలు చుట్టుకుని లేచిపోయినాడు.
రెండు ఆదివారాలు రాలేదు.

మూడో వారం వచ్చినాడు,
యాభై ఆరు అక్షరాలూ, గుణింతాలూ, ఒత్తులూ
గళ్ళలో కూర్చోబెట్టుకుని.
సున్నాకు నాలుగు మూలలూ కొరికేసి,
తలకట్టుకు రెండే గళ్ళిచ్చి,
ఒత్తుకు మాత్రం ఆరు.
"హంస ముక్కు ఇట్లే కదా తిప్పేది."
వరుస ఎత్తు ఇరవై రెండు కావల్లంట.
అంకెలన్నీ మళ్ళీ మార్చినాను.
తెర మీద పది పేర్లుండే చోట ఏడే పట్టినాయి.
పట్టనీలే.

అంతా అయినాక జాయ్‌స్టిక్కు చేతికిచ్చినాను.
పట్టుకోవడం రాలేదు ఆయనకు.
అప్పుడు చెప్పినాడు.
పదేళ్ళప్పుడు కండెలు మోసుకుపోతా
వీడియో గేముల అంగడి ముందు నిలబడేవాడంట.
లోపల గంటకు పది రూపాయలు.
గోనెపట్ట బయట చప్పుడు ఉచితం.
"ఎగిరితే ఒక చప్పుడు, పడితే ఒక చప్పుడు.
మొహాలు నేనే అనుకుంటాంటి."
ఇంకో ఊళ్ళో, అలాంటి గోనెపట్ట లోపల
కూర్చున్నవాణ్ణి నేను.
ఏమీ అనలేదు.

మొదటి గుంతలోనే పడినాడు.
లేచి మళ్ళీ అదే గుంత.
"ఎగురు మామా, ఎగురు" అని తస్లీమ్ అరుస్తాంటే
మూడు ప్రాణాలూ అయిపోయి
తెర తిరిగి మొదటికొచ్చింది,
మబ్బు రంగు మీద ఏడు పేర్లు.

చౌడప్ప టీవీ దగ్గరికి వంగి
గోటితో అద్దాన్ని తాకినాడు.
"ఈ ఒత్తు
ఒక్క గడి ఎడమకు జరపల్లప్పా."